నోరు మూసిన ఫోటో

నన్ను బయటికి పంపించేశారు. మెడపట్టి గెంటలేదు లెండి. వినికిడి పరీక్ష చేసే అమ్మాయి, కోటు మీద అనూరాధ అని పేరు రాసి ఉంది, చాలా మర్యాదగానే చెప్పింది, మీరు కాసేపు బయట కూర్చోండమ్మా, పాప చప్పుడు విని కాదు, మీ మొహం చూసి చెయ్యెత్తుతోంది అని. తలుపు వేసేసింది. లోపలంతా మెత్త కుట్టిన తలుపు, వేసిన చప్పుడు కూడా రాలేదు. ఇప్పుడు నా కూతురు సుహాసిని తన తలకాయ కన్నా పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోపల ఒక్కతే కూర్చుని ఉంది. నేను ఇక్కడ, శ్రీకాకుళంలో ఈ చెవీ ముక్కూ గొంతూ ఆసుపత్రి వరండాలో ఇనప బెంచీ మీద, దాని చెవి రింగులూ స్కూలు ఐడీ కార్డూ గుప్పిట్లో పెట్టుకుని. ఎక్స్‌రే తీసేటప్పుడు మెడలోవీ చెవులవీ తీసెయ్యమన్నారు. పక్కనున్న ముసలాయన చెవిలో దూది పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. చూడనీ. ఏడేళ్ళ పిల్లని లోపలొదిలి తల్లి బయటికొచ్చిందంటే ఏదో తప్పు చేసే ఉంటుందని ఆయనకీ తెలిసిపోయి ఉంటుంది.

చేశాను మరి. పిల్ల తప్పేం లేదు, నేనే అందించాను. మెషీను మీట నొక్కినప్పుడల్లా చిన్న ఎర్రలైటు వెలుగుతుంది, అది అనూరాధకీ ఆమె వెనక నించున్న నాకూ కనిపిస్తుంది, అద్దం అవతల కూర్చున్న పిల్లకి కనిపించదు. చప్పుడు ఎంత చిన్నగా వినబడినా చెయ్యెత్తమ్మా అని ముందే చెప్పారు. మొదటి రెండుసార్లు లైటు వెలిగింది, దాని చెయ్యి లేవలేదు. నోరు తెరుచుకుని అలాగే కూర్చుంది. మూడోసారి వెలిగేసరికి నా కనుబొమలు వాటంతటవే లేచాయి. చెయ్యెత్తింది. తర్వాత ఇక నా పని నాకు తెలిసిపోయింది, దాని పని దానికి తెలిసిపోయింది, లైటు వెలగడం, నేను కళ్ళెగరేయడం, అది చెయ్యెత్తడం. ఎంత బాగా కుదిరిందో, ఒక్కటీ తప్పు పోలేదు. అనూరాధ మీట నొక్కకుండా ఊరికే చెయ్యి కదిపినప్పుడు కూడా నేను తొందరపడి కళ్ళెగరేశాను, అదీ ఎత్తేసింది. అప్పుడు వెనక్కి తిరిగింది ఆ అమ్మాయి. పరీక్ష అనే మాట చెవిన పడితే నాకు పాసవ్వాలనే తప్ప ఇంకో ఆలోచన రాదు. చెవుడు ఉందో లేదో తేల్చే పరీక్షలో కూతురికి కాపీ అందించిన తల్లిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎవరి కళ్ళు కప్పుదామని?

డాక్టరుగారు ముందే వివరంగా చెప్పారు. ముక్కు వెనకాల, కొండనాలుకకి పైన, పిల్లలందరికీ కాస్త కండ ఉంటుందట, ఎడినాయిడ్లు అంటారట. అది మితిమీరి పెరిగితే ముక్కుదారి మూసుకుపోతుంది. ముక్కులోంచి చెవికి గాలి వెళ్ళే సన్నని దారి కూడా మూసుకుపోయి, కర్ణభేరి వెనకాల జిగట నీరు చేరుతుంది. అదే అయితే కండ తీసేస్తే వినికిడి వచ్చేస్తుందమ్మా, నరంలో దోషమైతే మాత్రం వేరే సంగతి, ఈ పరీక్షలో తేలిపోతుంది అన్నారు. ఆయనకి ఉన్నవి రెండు సంగతులే. నాకు మూడోది ఉంది. అది ఆయనకి చెప్పలేదు.

ఆయన మొదట పిల్లని ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఊరికే చూశారు, తెరిచిన నోరు, కళ్ళ కింద నలుపు, కాస్త ముందుకొచ్చిన పైపళ్ళు. ఏడేళ్ళుగా నేను చూస్తున్న మొహమే, ఆయన రెండు నిమిషాల్లో చదివేశారు. తర్వాత చల్లటి స్టీలు బద్ద ఒకటి దాని ముక్కు కింద పెట్టి, నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలమన్నారు. ఊపిరి వస్తే బద్ద మీద ఆవిరి పట్టాలట. ఎడమవైపు ఈగంత మసక పట్టింది. కుడివైపు తళతళలాడుతూ అలాగే ఉంది. ఇక నావైపు తిరిగి మొదలుపెట్టారు. గురక పెడుతుందా, పెడుతుంది. మెడ వెనక్కి విరుచుకుని పడుకుంటుందా, అవును. పక్క తడుపుతుందా, అప్పుడప్పుడు. జలుబు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుందా, అవునండి. అన్నం తినడానికి గంట పడుతుందా? తలూపాను. నోటితోనే ఊపిరి తీసుకునే పిల్ల నోటినిండా ముద్ద పెట్టుకుంటే ఊపిరెలా తీసుకుంటుందమ్మా, అందుకే నెమ్మది అన్నారు. ముద్ద మింగకుండా బుగ్గన పెట్టుకుందని నేను ఎన్నిసార్లు దాని గెడ్డం పట్టుకుని ఇంకో ముద్ద కుక్కానో ఆయనకేం తెలుసు. ఇన్నాళ్ళూ ఏం చేశావని తిట్టనైనా లేదు. తిడితే బావుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆఖర్న, కాయితం మీద రాసుకుంటూ, తలెత్తకుండా, చెవి మీద ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. లేదండి అన్నాను. ప్రశ్న పూర్తయ్యేలోపలే అనేశాను.

దసరా సెలవుల్లో, సాయంత్రం. పాలు పొయ్యి మీద పెట్టి, నేను గుమ్మం అవతల దండెం మీద బట్టలు తీస్తున్నాను. పిల్ల పొయ్యికి మూడడుగుల దూరంలో, గోడకి చేరబడి పుస్తకంలో బొమ్మకి రంగులేస్తోంది. సుహా, పాలు చూడు. సుహా, పాలు పొంగుతాయి, మంట తగ్గించు. నాలుగుసార్లు పిలిచాను. కేకెయ్యలేదు, పిలిచాను, మర్యాదస్తుల ఇళ్ళలో పిలిచినట్టు. మాడువాసన వచ్చి పరిగెత్తేసరికి పాలు పొయ్యంతా పొంగి గట్టు మీదనించి కిందకి కారుతున్నాయి, అది నా నీడ పడగానే తలెత్తి, నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండిపోయింది. నా ప్రాణానికి ఎగతాళిగా కనిపించింది. చెంప మీద కొట్టబోతే చెవి మీద పడింది. "నువ్వు పిలవనేదమ్మా" అంది. అబద్ధం కూడానా అని ఇంకోటి వేశాను, అదీ అక్కడే. మూడోరోజు చెవిపోటన్నాది. ఐదోరోజు తలగడ మీద పసుపచ్చగా మరక. మందుల షాపులో చుక్కలు తెచ్చి వేశాను, తలగడ గలీబు ఉతికేశాను, ఎవరికీ చెప్పలేదు. నెల దాటింది. ఈ నెలంతా అది పలక్కపోయిన ప్రతిసారీ నా చెయ్యి నాకే బరువుగా ఉండేది. ఇప్పుడు లోపల ఆ మెషీను ఆ కుడిచెవి గురించి ఏం రాస్తోందో. నీ దెబ్బకి పోయిందమ్మా అని రాస్తే, నేను ఈ బెంచీ మీదనించి లేచి ఎక్కడికి వెళ్ళాలి?

ఫోను మోగింది. దాని నాన్న, గంగులు. చేపల వేటకని గుజరాత్ వైపు వెళ్ళి మూడు నెలలైంది, బోటు ఒడ్డుకొచ్చినప్పుడే ఫోను.

"పిల్లకేటన్నారే?"

"పరీక్ష చేస్తున్నారు. ముక్కు వెనక కండ పెరిగిందంటున్నారు" అన్నాను మెల్లగా, ఆసుపత్రి కదా.

"ఏటీ? ఇనబడ్డం నేదు, గట్టిగా మాటాడు!"

"ముక్కెనక కండ పెరిగిపోనాదంట! సెవులు ఇనబడ్డం నేదంట!"

ఎన్నాళ్ళయిందో నా గొంతు నేను విని. వరండాలో అందరూ తిరిగారు. చెవిలో దూది ఉన్న ముసలాయన కూడా ఉలిక్కిపడ్డాడు.

"సెవులేటే? నాతో బాగానే మాటాడతాదే! మొన్న కూడా నానడిగిందానికల్లా జవాబు సెప్పినాది. నాతో ఎప్పుడూ ఇనబడ్నేదని అన్నేదు." వెనకాల ఎవరో పిలుస్తున్నారు, ఇంజను చప్పుడు. "మా అమ్మక్కూడా బాగానే పలుకుతాది. నువ్వే ఊరికే..." లైను తెగిపోయింది.

ఊరికే ఏమిటి? మిగతాది వినాలనీ లేదు. కానీ ఆ మాట మాత్రం గుచ్చుకుని ఉండిపోయింది. నాన్నకి పలుకుతుంది. నాయనమ్మకి పలుకుతుంది. మా ఊరు భావనపాడు వెళ్తే ఊరందరికీ పలుకుతుంది. నాకే పలకదు. ఎన్నోసార్లు ఇందుకే ఏడ్చాను, కన్నతల్లే దానికి గిట్టదని. ఇప్పుడు ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, ఆ మనిషి అరుపుకి చెవి గింగురుమంటోంది, అప్పుడు తెలిసింది. వాళ్ళందరూ అరుస్తారు. మా ఊళ్ళో మాట్లాడడమంటే అదే. కెరటం హోరు మీదనించి మాట అవతలికి చేరాలంటే పొట్టలోంచి రావాలి. ఒడ్డున నించుని పడవలో ఉన్నవాళ్ళని పిలిచేవాళ్ళు, చేపల గంప పెట్టుకుని వేలంపాటలో పోటీపడేవాళ్ళు, ఇంటికొచ్చాక గొంతు తగ్గించుకుంటారా? పక్కనున్న మనిషిని ఉప్పు అడిగినా వీధి చివరికి వినబడుతుంది. ఆ ఊళ్ళో సగం చెవుడు ఉన్నవాడికి కూడా చెవుడున్నట్టు ఎవరికీ తెలీదు, వాడికీ తెలీదు. నా పిల్లకి అయిదేళ్ళొచ్చేదాకా అక్కడే పెరిగింది. అన్నీ వింది, అన్నీ చెప్పింది. గురక పెడితే కూడా దాని నాన్న, నా కూతురు ఇంజను స్టార్ట్ సేసినాది అని మురిసిపోయేవాడు.

దాన్ని చదివించాలని అరసవల్లి తీసుకొచ్చింది నేను. గుడి దగ్గర లాడ్జిలో రిజిస్టరు రాసే పని దొరికింది, వెనక వీధిలో ఒక గది. వారం తిరక్కుండా లాడ్జి ఓనరు జగన్నాధం గారు పిలిచి, నవ్వుతూనే, అమ్మా రాజకుమారీ, ఇది భావనపాడు కాదు, గదుల్లో పడుకున్నవాళ్ళు నీ గొంతుకి లేచిపోతున్నారు అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆరోజు నించీ గొంతు నొక్కుకున్నాను. డిగ్రీ చదివినా చేపలమ్మేవాళ్ళ గొంతే కదా అని ఎవరూ అనకూడదు. నేను తగ్గడమే కాదు, ఇంట్లో పిల్లకీ అదే పాఠం, మెల్లగా మాట్లాడు, మనం ఊళ్ళో లేం. అద్దం ముందు నించుని మెత్తగా మాట్లాడడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, నా కూతురికి నా మాట వినబడకుండా పోయింది. స్కూల్లో రేఖ మిస్ కూడా మెత్తని మనిషే. ఆవిడ నోరు పెద్దగా తెరవకుండా ముత్యాల్లాగా మాట్లాడుతుందని నేనే ఆవిడ క్లాసులో వెయ్యమని బతిమాలాను. మూడో నెలలోనే కబురుపెట్టింది, మీ పాపకి ధ్యాస లేదండి, పిలిస్తే పలకదు, మందమతి అనను గానీ, వెనక బెంచీలో కూర్చోబెడుతున్నాను అంది. అనను గానీ అంటూనే అనేసింది. చెవులు వినబడని పిల్లని ఇంకో నాలుగు బెంచీలు వెనక్కి నెట్టింది. నేను చేతులు కట్టుకుని థాంక్స్ మేడమ్ అని వచ్చాను. ఆవిడ మీద పళ్ళు నూరుతున్నాను గానీ, ఇంటికొచ్చి ఆ సాయంత్రమే దాన్ని మోకాళ్ళ మీద నించోబెట్టింది ఆవిడ కాదు.

గుప్పిట్లో ఐడీ కార్డు చెమటకి తడిసింది. సుహాసిని, రెండో తరగతి. ఫోటోలో నోరు మూసుకుని ఉంది. దాని ఫోటోలన్నింట్లో నోరు మూసి ఉన్నది ఇదొక్కటే, అందుకే నాకు ఇష్టం. పేరు చూస్తే సుహాసిని, నోరు చూస్తే ఎప్పుడూ తెరిచే అని పక్కింటావిడ అన్నప్పటినించీ నాకు ఆ నోరు మీదే కన్ను. మా అత్త దాలమ్మ మాత్రం ఎప్పుడూ అనేది, "ఒసే, ఒగ్గేయే దాన్ని. గుంటకి ముక్కు పలకనేదు, నోటితో గాలాడతన్నాది. దాని నోరు మూసేస్తే అదెలగ బతుకుతాదే?" అని. చదువురాని మనిషి, సముద్రపొడ్డు దాటి ఎరగదు, ఆవిడకేం తెలుసని నవ్వుకున్నాను. ముక్కు పలకలేదని ఆవిడకి తెలుసు. ఆవిడ చెప్పింది నేను వినలేదు. ఈ ఇంట్లో ఎవరికి చెవుడు? కనబడితే చాలు, నోరు ముయ్యి. బస్సులో, నోరు ముయ్యి. టీవీ ముందు, నోరు ముయ్యి. పెదాలు రెండు వేళ్ళతో పట్టి నొక్కేదాన్ని. ఓ వారం రోజులు మధ్యాహ్నం నిద్రలో చున్నీ మడిచి గెడ్డం కిందనించి నెత్తి మీదకి కట్టాను, పళ్ళు ఎత్తుగా వస్తాయని. రెండుసార్లు ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంది, మూడోసారి లేచి నా చెయ్యి కొరికింది, అప్పుడు మానేశాను. కొరికినందుకు కూడా కొట్టే ఉంటాను, గుర్తులేదు. ఈ ఫోటో తీసినరోజు స్టూడియో అతను, పాపా నోరు మూసుకో అన్నాడు, వెనకనించి నేనూ అన్నాను. మూసింది. అతను లైటు సరిచేసుకుని, గెడ్డం ఎత్తమని, మళ్ళీ సరిచేసుకుని, నొక్కేసరికి ఎంతసేపు పట్టిందో. ఫోటోలో కళ్ళు ఇంతింత లావుగా ఉన్నాయి, అబ్బ కళ్ళు ఎంత బాగా పడ్డాయో అని దాని నాన్నకి పంపించాను. పిల్ల ఊపిరి బిగబట్టి ఉంది. బడి తెరిచిన దగ్గర్నించీ మెడలో వేసుకుని తిరుగుతోంది ఆ బొమ్మని.

అనూరాధ బయటికి వచ్చింది, చేతిలో కాయితం. చెవికొకటిగా ఎర్రగీతా నీలంగీతా, రెండూ మధ్యలో కిందకి దిగి ఉన్నాయి. "ఇప్పుడు కరెక్టుగా వచ్చిందమ్మా. మీరు వెళ్ళాక కాసేపు తలుపువైపే చూసింది. తర్వాత సర్దుకుంది. రిపోర్టు సార్‌కి చూపిద్దాం రండి, పాప హెడ్‌ఫోన్లు తీసేసి అందాకా లోపలే కూర్చుంటుంది" అంది. నేను లేకపోతేనే నిజం వచ్చిందన్నమాట. సరే.

డాక్టరుగారు కాయితం చూసి, ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూపించారు. పక్కకి తిరిగిన నా కూతురి పుర్రె, ముక్కు వెనకాల నల్లగా గొట్టంలా ఉండాల్సిన దారి, అక్కడ తెల్లటి ముద్ద అడ్డుపడి ఉంది, పక్కనించి దారం అంత నలుపు మిగిలింది. ఈ దారంలోంచి మీ పాప ఊపిరి తీసుకుంటోందమ్మా అన్నారు. రెండు చెవుల్లోనూ నీరుంది, నరం బాగానే ఉంది, ఆపరేషన్ చేసి కండ తీసేద్దాం, చెవుల్లో నీరూ తీసేద్దాం, వినికిడి వస్తుంది. నరం బాగానే ఉందట. దేవుడికి దండం పెట్టుకుని లేచి రావాల్సింది. కానీ నోరు ఊరుకోలేదు. "దసరాల్లో నాను కొట్టానండి. కుడిసెవి మీద. రెండుదెబ్బలు. మీరడిగితే నేదన్నాను." గొంతు మళ్ళీ ఊరిదైపోయింది. ఆయన తలెత్తి నావైపు చూశారు. "దానివల్ల కాదమ్మా. రెండు చెవులూ ఒకేలా ఉన్నాయి, కర్ణభేరికి చిల్లు కూడా లేదు. ఇది ఏడాది, ఏడాదిన్నర నించీ ఉన్నది. మీరు కొట్టేనాటికే పాపకి సరిగా వినపడ్డం లేదు." తర్వాత కాయితం మీదకి వంగి, "కొట్టకండి" అన్నారు.

నా దెబ్బ వల్ల కాదట. నెలరోజులుగా ఆ ఒక్కమాట కోసమే కదా దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, అదే చేతిలో పెట్టారు. దాంతో నేనేం చేసుకోను? నేను కొట్టడంవల్ల దానికి వినబడకుండా పోలేదు. వినబడకపోవడంవల్ల అది నాచేత దెబ్బలు తింది. నువ్వు పిలవలేదమ్మా అంది, దానికి తెలిసినంతలో అది నిజం, నిజం చెప్పినందుకు రెండోదెబ్బ. ఆ రెండోది మాత్రం ఏ ఆపరేషన్లోనూ పోదు. ఇంత సంతోషించాల్సినచోట నాకు నామీద అసహ్యం వేస్తోంది, వేయనీ.

వరండాలోకి వచ్చేసరికి మెత్త తలుపు తెరుచుకుని సుహాసిని బయటికొస్తోంది. హెడ్‌ఫోన్ల ఒత్తుకి జుట్టు రెండువైపులా అణిగిపోయి ఉంది. నోరు తెరిచే ఉంది, హాయిగా, దాని పాటికి అది ఊపిరి తీసుకుంటోంది. నన్ను చూసింది. చూడగానే నోరు మూసేసింది. పెదాలు లోపలికి లాక్కుని, బుగ్గలు బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని, అచ్చం కార్డు మీద ఉన్నట్టు. రోజూ నన్ను చూసినప్పుడల్లా ఇదే చేస్తోందన్నమాట, నేను అటు తిరిగేదాకా.

"నోరు తెరువమ్మా" అన్నాను. వినబడలేదు. "నోరు తెరూ! గాలి తీసుకోయే!" అని అరిచాను, మా ఊరి గొంతుతో. వినబడింది. అరిచానంటే కోపమొచ్చిందనుకుంది, పెదాలు ఇంకా గట్టిగా బిగించింది. మొహం ఎర్రబడుతోంది. నేను కింద కూర్చున్నాను, దానికి ఎదురుగా, దాని ఎత్తున. అది నా మొహంవైపు చూడడం లేదు. నా కుడిచేతివైపు చూస్తోంది, రింగులూ కార్డూ పట్టుకుని గుప్పిట బిగించి ఉన్న చేతివైపు.

గుప్పిట విప్పి అన్నీ బెంచీ మీద పెట్టేశాను. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. అది తల కాస్త పక్కకి వంచి, నా వీపు వెనక్కి తొంగి చూసింది. అక్కడే ఉన్నాయని చూసుకుని, అప్పుడు నోరు తెరిచింది.